గొంతు పోయిన స్పీకర్లు – మన ప్రాంతంలో మాట విన్న చరిత్ర



మన సంఘం ప్రత్యేక సంచికలో డి.ఏ. బకాయిల గురించి, ఆరోగ్య పథకం గురించి, కమ్యుటేషన్ గురించి వ్యాసాలు ఎలాగూ ఉంటాయి. వాటి నడుమ ఒక చిన్న వస్తువు చరిత్ర కూడా ఉంటే బాగుంటుందని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ఆ వస్తువు స్పీకరు.

దీనికి ఒక కారణం ఉంది. మనలో చాలామంది ఇళ్లలో పిల్లలు కొన్నేళ్లు వాడి మనకు వదిలి వెళ్లిన లాప్‌టాప్ ఒకటి ఉంటుంది. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. ఆదివారం దాని ముందు కూర్చుంటే మనుమల ముఖం చక్కగా కనిపిస్తుంది గాని మాట మాత్రం గరగరమంటుంది. "ఏమంటున్నవు బిడ్డా?" అని మూడుసార్లు అడిగి, నాలుగోసారి అడగడానికి మొహమాటపడి, అర్థమైనట్టు తలూపేవారు మనలో ఎందరో ఉన్నారు. వయసు మీద పడింది, చెవులు పోయాయని మనకు మనమే తీర్పు చెప్పుకుంటున్నాం. ఆ తీర్పు అన్నిసార్లూ సరైనది కాదు. ఎన్నోసార్లు పోయింది స్పీకరే.

నేను 1972లో జనగామలో పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తాగా చేరి, ఆ తరువాత మహబూబాబాదులోనూ, చివరి సంవత్సరాలలో భూపాలపల్లిలోనూ పనిచేసి 2008లో పదవీ విరమణ చేశాను. ఆ రోజుల్లో ఈ మూడూ వరంగల్ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న మూడూ మూడు జిల్లా కేంద్రాలు అయినాయి. సర్వీసు పొడుగునా ఆఫీసు మైకు, రేడియో, ప్రచార సామాను నా చార్జిలోనే ఉండేవి. అందువల్ల స్పీకర్ల గొంతు పోవడం, మళ్లీ రావడం దగ్గర నుండి చూసే అవకాశం కలిగింది.

డప్పు, నోటి మాట

మన పల్లెల్లో సర్కారు కబురు చాలాకాలం డప్పు చాటింపు మీదనే నడిచింది. డప్పు చప్పుడుకు జనం అరుగుల మీదికి వస్తే, చాటింపు వేసే మనిషి ఒక్కో వాడ మూలన ఆగి చెప్పేవాడు. వినపడకపోతే మళ్లీ చెప్పమని అడిగే వీలుండేది.

1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య గారు తుపాకీ గుండుకు బలైన నాటికి మన పల్లెల్లో కరెంటు ఎక్కడిది? పాలకుర్తి ఐలమ్మ గారి భూమి పోరాటం ఊరూరా తెలిసింది పాటల వల్ల, బుర్రకథల వల్ల, నోటి మాట వల్ల. ఒగ్గుకథ సంగతీ అంతే. జనగామ ప్రాంతపు మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య గారు, 2017లో కన్నుమూసేవరకు ఆ కళకు పెద్ద దిక్కుగా ఉన్నవారు, ఏ కాలపు మనిషో గుర్తు చేసుకోండి. డోలు మోతను దాటి చివరి వరుసలోని ముసలవ్వ వరకు మాట పోవాలంటే కథకుడి గొంతులో ఆ సత్తువ ఉండవలసిందే. మైకు తరువాత వచ్చిన సౌకర్యం.

యంత్రపు గొంతు

లౌడ్‌స్పీకరు అసలు సూత్రం చాలా పాతది. అయస్కాంతం నడుమ తీగ చుట్టను కదిలించే పద్ధతికి జర్మనీకి చెందిన సీమెన్స్ 1874లోనూ, ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ 1898లోనూ పేటెంట్లు తీసుకున్నారు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇద్దరు 1925లో ప్రకటించిన నమూనాయే నేటికీ నడుస్తున్నది. అయస్కాంతం, దాని సందులో సన్నని రాగితీగ చుట్ట, ఆ చుట్టకు అతికించిన కాగితపు గరాటు, గరాటు అంచును పట్టి ఉంచే మెత్తని పట్టీ. ఇంతే సరంజామా. తీగలో కరెంటు పారితే చుట్ట ముందుకూ వెనక్కూ ఊగుతుంది, దానితోపాటు కాగితం ఊగుతుంది, గాలి కదులుతుంది, మనకు మాట వినబడుతుంది. ఆనాటి రేడియోలోనూ ఈనాటి లాప్‌టాప్‌లోనూ ఇదే యంత్రం. పరిమాణం, పదార్థం మాత్రమే మారాయి.

ఈ సంగతి తెలిస్తే స్పీకరు రోగాలు కూడా తెలిసినట్టే. కాగితం చిరిగితే బర్రుమంటుంది. అంచు పట్టీ ఎండి పగిలితే గరాటు పక్కకు ఒరిగి, చుట్ట అయస్కాంతానికి రాసుకుని గీకుతుంది. సందులో ఇనుపరజను చేరితే కరకరలాడుతుంది. చుట్ట మాడితే మూగపోతుంది. తొంభై తొమ్మిది ఫిర్యాదులు ఈ నాలుగింటిలోనే ఇమిడిపోతాయి.

ఊరి నడుమ రేడియో

హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న ప్రసారం మొదలుపెట్టింది. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసింది. అప్పటికి విజయవాడ కేంద్రం వచ్చి ఏడాది దాటింది. దానిది 1948 డిసెంబరు 1. మన వైపు వారికి రెండు కేంద్రాలూ పలికేవి. 1956లో పూనా పరిసరాలలో యునెస్కో సాయంతో 150 గ్రామాల్లో రైతులను కూర్చోబెట్టి రేడియో వినిపించి చర్చ జరిపించే ప్రయోగం చేశారు. పంచాయతీలో రేడియో అనే ఆలోచనకు ఆ ప్రయోగం బలమిచ్చింది.

నేను చేరేనాటికి మా సమితిలో కొన్ని పంచాయతీలకు రేడియోలుండేవి. రేడియో లోపల బల్ల మీద, గొట్టపు స్పీకరు బయట వేపచెట్టుకు. సాయంత్రం పొలం పనులు ముగించుకున్నవారు అరుగుల మీద చేరి వ్యవసాయ కార్యక్రమం వినేవారు. హైదరాబాదు కేంద్రం నుంచి వచ్చే కార్మికుల కార్యక్రమంలోని చిన్నక్క, రాంబాబు, ఏకాంబరం గార్ల సంభాషణలు అయితే ఊరిలో బంధువుల మాటల్లాగే ఉండేవి. 1989లో కొత్తగూడెం, 1990లో వరంగల్ ఆకాశవాణి కేంద్రాలు వచ్చిన తరువాత మన యాస కూడా మరింత దగ్గరగా వినబడింది.

అయితే వానాకాలం రాగానే ఫిర్యాదులు మొదలయ్యేవి. వర్షానికి గొట్టం లోపలి యూనిట్ చెమ్మ పట్టేది. కోన్ స్పీకరైతే కాగితం ఉబ్బేది. సర్పంచులు వచ్చి "సారూ, మా రేడియోకు జలుబు చేసింది" అనేవారు. కొత్త స్పీకరు కొనాలంటే కొటేషన్లు, మంజూరు, ఆడిట్ – సంవత్సరం గడిచేది. రిపేరుకు కంటింజెన్సీలో పది రూపాయలు వ్రాసుకుంటే వారంలో అయ్యేది. ఆ విధంగా రిపేరు చేసేవారితో నాకు పరిచయం పెరిగింది.

స్పీకరు వైద్యులు

ఆ రోజుల్లో ప్రతి చిన్న పట్టణంలో రేడియో రిపేరు దుకాణాలుండేవి. జనగామ స్టేషన్ రోడ్డు వైపు ఒక పెద్దమనిషి పనిచేసే తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. స్పీకరు ఇవ్వగానే దానిని విప్పేవాడు కాదు. ముందు తన దగ్గరున్న మంచి స్పీకరును మన రేడియోకు తగిలించి వినేవాడు. అందులోనూ గరగర వస్తే "స్పీకరుది తప్పు లేదు సారూ, రోగం లోపలున్నది" అని రేడియో విప్పేవాడు. మంచి స్పీకరు శుభ్రంగా పలికితేనే మన స్పీకరు మీద చెయ్యి వేసేవాడు. టేప్‌రికార్డర్లు వచ్చాక కూడా అంతే. హెడ్ మీద పేరుకున్న మట్టిని తుడిస్తే సగం స్పీకర్లు వాటంతట అవే బాగయ్యేవి.

తరువాత రెండు వేళ్లతో కాగితాన్ని మెల్లగా లోపలికి నొక్కి చెవి దగ్గర పెట్టుకునేవాడు. గీకిన చప్పుడు వస్తే చుట్ట రాసుకుంటున్నట్టు. చిన్న చిరుగు అయితే పలుచని కాగితం ముక్క, పల్చని జిగురు. చుట్ట మాడితే పాత కోన్ కోసేసి, సందు శుభ్రం చేసి, చుట్ట చుట్టూ పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కలు దోపి సరిగ్గా నడిమధ్యకు తెచ్చి, కొత్త కోన్ అతికించి, ఒక రాత్రి ఆరనిచ్చి, మరునాడు ఫిల్ము ముక్కలు లాగేసేవాడు. పాత అయస్కాంతానికి కొత్త గొంతు వచ్చేది. ఒకే స్పీకరుకు మూడుసార్లు కోన్ మార్చిన సందర్భాలున్నాయి.

మహబూబాబాదులో, పాతవారి మాటలో మానుకోటలో, రైల్వే స్టేషను వైపు మైకు సెట్ల దుకాణాలు ఎక్కువ. పెళ్లి, కురవి జాతర, ఎన్నికలు, సినిమా ప్రచారం – సీజనంతా వాటికి తీరికే ఉండేది కాదు. గాంధీ, నెహ్రూ గార్ల పాత ఫోటోలలో మైకు దగ్గర 'చికాగో రేడియో' అనే పలక మీరు చూసే ఉంటారు. అది మోత్వానీ కుటుంబం నడిపిన మన దేశపు కంపెనీయే. తరువాతి కాలంలో మన వైపు ఏ స్తంభం మీద చూసినా ఆహుజా గొట్టాలే. 1983 ఎన్నికల ముందు ఎన్.టి. రామారావు గారు చైతన్యరథం మీద ఊరూరా తిరిగినప్పుడు, మైకు సెట్టు ఎన్నికలకు ఎంత ముఖ్యమో పార్టీలన్నింటికీ అర్థమైంది.

వినబడని పేరు

గొంతు పోయిన స్పీకరు ఒక చికాకు మాత్రమే అనుకునేవారికి ఒక సంగతి చెప్పాలి. తొంభైలలో ఒక పెద్ద జాతరలో నాకు తప్పిపోయినవారి శిబిరంలో డ్యూటీ పడింది. అయిదారేళ్ల పిల్లవాడిని ఎవరో తెచ్చి అప్పగించారు. తన పేరు, తల్లి పేరు, ఊరి పేరు చక్కగా చెప్పాడు. మైకులో పదేపదే ప్రకటించాం. మూడు గంటలు గడిచినా ఎవరూ రాలేదు.

తల్లి మాకు అర కిలోమీటరు దూరంలో, ఒక స్తంభం కిందనే కూర్చుని ఏడుస్తున్నదట. ఆ స్తంభం మీది గొట్టం యూనిట్ పగిలిపోయి ఉంది. మోత బ్రహ్మాండంగా వస్తున్నది గాని అక్షరం తెలియడం లేదు. ఆమె చెవిన పడిన మాట తన కొడుకు పేరని ఆమెకు తెలియలేదు. చివరికి ఒక హోంగార్డు శిబిరం నుంచి నడిచి వెళ్లి నోటితో పిలిస్తే పరుగెత్తుకుని వచ్చింది. పిల్లవాడిని పట్టుకుని ఆమె మమ్మల్ని అన్న మాట – "గంత మొత్తుకునుడెందుకు సారూ, తెల్వకపాయె." ఎంతమంది పెద్ద ఆఫీసర్ల మెమోలు అందుకున్నా నాకు అంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి మైకు సెట్టు కుర్రవాడు యూనిట్ మార్చడానికి బదులు ఆంప్లిఫయర్ చెవి ఇంకొంచెం తిప్పాడు. మాట తెలియనప్పుడు అందరూ చేసే పని అదే. పగిలిన గొంతుకు బలం పెంచితే పగులు పెద్దదవుతుంది, మాట తెలియదు.

మోత మీద మోజు పెరగడంతో చట్టం కూడా రావలసి వచ్చింది. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమాలు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లను కట్టడి చేశాయి. 2005లో సుప్రీంకోర్టు దానిని గట్టిగా సమర్థించింది.

చిన్నదైన అయస్కాంతం

ఇంత పెద్ద గొట్టం లాప్‌టాప్ అంచులోకి ఎట్లా వచ్చింది? అంతా అయస్కాంతం కథే. తొలి రోజుల శాశ్వత అయస్కాంతాలలో కోబాల్ట్ కలిసేది. 1978లో ఆఫ్రికాలోని జైర్ దేశంలో, అంటే నేటి కాంగోలో, గనుల ప్రాంతంలో యుద్ధం వచ్చి కోబాల్ట్ ధర మండిపోయింది. కంపెనీలు నల్లని, బరువైన ఫెర్రైట్ అయస్కాంతాలకు మళ్లాయి. మన పిల్లలు పాత స్పీకర్లు పగులగొట్టి ఆడుకున్న ఆ నల్ల బిళ్లలు అవే. 1980ల మొదట్లో జపాన్‌లోనూ, అమెరికాలోనూ వేర్వేరుగా నియోడిమియం అయస్కాంతం కనిపెట్టారు. గోటంత ముక్కకే ఎంతో శక్తి. దానితో లాప్‌టాప్‌లో ఒకటి రెండు వాట్ల బుల్లి స్పీకర్లు ఇమిడిపోయాయి.

కాని ప్రకృతి ధర్మం ఒకటి ఉంది. స్వరం ఒక మెట్టు దిగి, అంటే కంపనాల సంఖ్య సగమై, అదే బిగ్గరతనం రావాలంటే స్పీకరు పొర నాలుగింతలు ఎక్కువ ఊగాలి. బుల్లి పొరకు అంత జాగా లేదు. డోలు దరువులు, బతుకమ్మ డీజే పాటలు పూర్తి వాల్యూములో పెడితే ఆ పొర దాని హద్దును గుద్దుకుంటుంది. రోజూ గుద్దుకుంటే అంచు సాగిపోతుంది. దానికి తోడు ఒళ్లో పెట్టుకున్నప్పుడు వేడి, కింది జాలిలోంచి దుమ్ము. నాలుగైదేళ్లకు గొంతు బొంగురుపోవడంలో వింత లేదు.

మనం చేయదగిన పనులు

జనగామ పెద్దమనిషి పద్ధతినే లాప్‌టాప్‌కు కూడా పాటించవచ్చును. వరుస తప్పకుండా చేయాలని మనవి.

మొదటిది, ఇయర్‌ఫోన్ పెట్టి వినండి. అందులోనూ గరగర ఉంటే తప్పు స్పీకరుది కాదు. ఇంటర్నెట్‌దో, అవతలివారి మైకుదో, లోపలి ప్రోగ్రాముదో. వేరే మనిషితో మాట్లాడి, లాప్‌టాప్‌లో దాచుకున్న పాట ఒకటి విని పోల్చితే ఏదో తేలుతుంది.

రెండవది, ఇయర్‌ఫోన్‌లో శుభ్రంగా ఉండి స్పీకరులో మాత్రమే గరగర ఉంటే వాల్యూము సగానికి తగ్గించండి. తగ్గిస్తే శుభ్రపడిందంటే స్పీకరు ఇంకా బ్రతికే ఉంది, మనం దాని శక్తికి మించి పని చేయిస్తున్నాం. కొన్ని వీడియో ప్రోగ్రాములు వాల్యూమును నూరు శాతం దాటి పెంచనిస్తాయి. ఆ దారికి పోవద్దు. సౌండు సెట్టింగులలో బాస్ పెంచేవి, ఎన్‌హాన్స్‌మెంట్ అనేవి ఉంటే తీసివేయండి. మాట తెలియడానికి బాస్ అవసరం లేదు. పాత టెలిఫోను 300 నుంచి 3400 కంపనాల మధ్యనే నడిచింది. అందులోనే మనం సంబంధాలు మాట్లాడుకున్నాం, చావు కబుర్లు విన్నాం.

మూడవది, కుడి ఎడమలలో ఒక్కటే చెడిందేమో చూడండి. సెట్టింగులలో బాలెన్సును ఒక పక్కకు జరిపి వింటే తెలుస్తుంది. మోనో ఆడియో అనే మీట పెట్టి, బాలెన్సు మొత్తం మంచి స్పీకరు వైపుకు తిప్పితే రెండు పక్కల మాటా ఒక్కదానిలోనే వస్తుంది. పైసా ఖర్చు లేని వైద్యం ఇది.

నాలుగవది, లాప్‌టాప్‌ను కట్టేసి జాలిని మెత్తని కుంచెతో పైపైన తుడవండి. గుండుసూది పెట్టవద్దు, గట్టిగా గాలి ఊదవద్దు, పొర చిరుగుతుంది.

అయిదవది, ముఖ్యమైనది. మీటల పలక పైకి లేచినట్టు, అడుగు ఉబ్బినట్టు కనిపిస్తే అది స్పీకరు సంగతి కాదు, బ్యాటరీ ఉబ్బింది. వెంటనే చార్జింగు ఆపి, నొక్కకుండా, తెలిసిన మెకానిక్‌కు చూపించండి. అది నిప్పు అంటుకునే వస్తువు.

ఇవన్నీ చేసినా బాగుకాకపోతే లోపలి స్పీకరు మార్చవలసిందే. ఈ బుల్లి స్పీకరుకు కోన్ మార్చడం కుదరదు. అదే మోడలుకు సరిపోయే జత దొరకాలి. దొరకకపోతే వైరుతో తగిలించే చిన్న బయటి స్పీకరు కొనుక్కోవడం మేలు. ఒక్క స్పీకరు కోసం లాప్‌టాప్ మొత్తం పారవేయనవసరం లేదు.

చెవి సంగతి

చెవికి అసలు దోషమే ఉండదని నా అభిప్రాయం కాదు. వయసుతో ముందుగా తగ్గేది సన్నని స్వరాల వినికిడి. స, ష, త, క వంటి హల్లులు అక్కడే ఉంటాయి. అందువల్ల "వినబడుతోంది గాని తెలియడం లేదు" అంటాం. పగిలిన స్పీకరు కూడా సరిగ్గా ఆ హల్లులనే మింగుతుంది. రెండూ కలిస్తే కష్టం రెట్టింపు. డాక్టరు గారు వీడియోలో చెప్పిన మందు 'ఫిఫ్టీన్' అన్నదో 'ఫిఫ్టీ' అన్నదో తెలియకపోతే అది నవ్వులాట కాదు. సంఖ్య ఏదైనా మళ్లీ చెప్పించుకుని కాగితం మీద వ్రాసుకోవాలి. మంచి ఇయర్‌ఫోన్‌లో కూడా మాట తెలియకపోతే అప్పుడు తప్పక చెవి డాక్టరును కలవాలి.

ముందు స్పీకరును పరీక్షించి, తరువాత చెవిని పరీక్షించుకుందాం. పరీక్ష చేయకుండానే మాటలకు దూరంగా జరిగి మూలన కూర్చోవడం మాత్రం వద్దు. పిల్లలకు కూడా ఒక విన్నపం. అమ్మానాన్నలకు పాత లాప్‌టాప్ ఇచ్చేటప్పుడు తెర పనిచేస్తుందా అని చూసినట్టే, అందులో మాట తెలుస్తుందా అని కూడా ఒకసారి విని ఇవ్వండి.

చివరగా సంఘానికి ఒక సూచన. మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి శాఖల ఆఫీసులలో ఒక మంచి ఇయర్‌ఫోన్, ఒక బయటి స్పీకరు ఉంచితే, నెలవారీ సమావేశానికి వచ్చే సభ్యులు తమ లాప్‌టాప్ తెచ్చి పోల్చి చూసుకోవచ్చును. ఖర్చు తక్కువ, ఉపకారం ఎక్కువ. తదుపరి కార్యవర్గ సమావేశంలో దీనిని చర్చకు తీసుకోవలసిందిగా కోరుతున్నాను.